మన కుక్కకి ఇక నయం కాదని తెలిశాక ఇంట్లో ఏం చేయాలి

"ఇక నయం కాదమ్మా, ఉన్నన్నాళ్లు బాగా చూసుకోండి" అని డాక్టర్ గారు చెప్పిన రోజున మీరు ఏ నిర్ణయమూ తీసుకోకండి. ఆ రోజు సగం మాటలు చెవిన పడవు. మా జూలీకి అప్పటికి 13 ఏళ్లు, స్పిట్జ్, మన ఇళ్లల్లో పమేరియన్ అని పిలుచుకునే తెల్ల కుక్క. రక్తపరీక్షలో క్రియాటినిన్, అంటే కిడ్నీలు వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం, 5.8 వచ్చింది. డాక్టర్ గారు పావుగంట కూర్చోబెట్టి వివరంగా చెప్పారు, నేను తల ఊపుతూనే ఉన్నాను, ఇంటికొచ్చాక డాక్టర్ ఏమన్నారని మా ఆయన అడిగితే "కిడ్నీలు పోయాయట" అనే ఒక్క ముక్క తప్ప నాకేమీ గుర్తు లేదు.

అందుకని రెండు రోజులాగి మళ్లీ వెళ్లండి. ఈసారి ఇంట్లో ఇంకొకరిని తోడు తీసుకెళ్లండి, ప్రశ్నలు కాగితం మీద రాసుకోండి. దీనికి ఇప్పుడు నొప్పి ఉందా, వికారం ఉందా? ఏది కనిపిస్తే అర్ధరాత్రయినా పరిగెత్తుకు రావాలి, ఏది కనిపిస్తే పొద్దున్నదాకా ఆగొచ్చు? రాత్రిపూట ఫోన్ ఎవరు ఎత్తుతారు? చివర్లో బాధ లేకుండా ప్రాణం పోయేలా చేసే ఇంజెక్షన్ ఇవ్వాల్సి వస్తే మీరు ఇంటికి వస్తారా? ఇంజెక్షన్ వద్దనుకుంటే ఈ జబ్బులో చావు ఎలా వస్తుంది? ఈ ఆఖరి ప్రశ్న అడగడానికి నోరు రాదు, అయినా అడగాలి. నిద్రలోనే పోతుందిలే అని అందరం ఆశపడతాం, కానీ కిడ్నీలు పోయిన కుక్కకి అలా జరగడం అరుదు. వాంతులు, నోట్లో పుండ్లు, కొన్నిసార్లు ఫిట్స్, ఇలా రోజుల తరబడి సాగుతుంది. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే తర్వాత మనం ఆలోచించే తీరు మారుతుంది.

ముందే ఎందుకు కనిపెట్టలేకపోయామని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. మేము మొదట చూపించిన చోట "వయసైపోయింది, అంతే" అని రక్తపరీక్ష కూడా రాయకుండా బలానికి టానిక్ ఇచ్చి పంపేశారు, ఆ కోపం నాకు చాలా రోజులు పోలేదు. కానీ అసలు విషయం ఏంటంటే, కిడ్నీల పని దాదాపు ముప్పావు వంతు పోయేదాకా క్రియాటినిన్ పైకి లేవదు. మిగిలిన పావు వంతే బరువంతా మోస్తూ ఉంటుంది. కుక్క మామూలుగానే తోక ఊపుతుంది, కాకపోతే నీళ్లు ఎక్కువ తాగుతుంది, ఉచ్చ ఎక్కువసార్లు పోస్తుంది, మనమేమో ఎండాకాలం కదా అనుకుంటాం.

డాక్టర్లు వాడే ఐరిస్ పద్ధతిలో కిడ్నీ జబ్బుకి నాలుగు దశలు. కుక్కల్లో క్రియాటినిన్ 5 దాటితే నాలుగోది, అంటే చివరిది. అంతవరకు తెలుసుకుంటే చాలు, ప్రతి వారం రిపోర్ట్ కోసం టెన్షన్ పడుతూ కూర్చోకండి. సెలైన్ ఎక్కాక నంబర్ కాస్త దిగొచ్చు, అయినా కుక్క లేవకుండా పడుకునే ఉండొచ్చు. డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లు హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాలకి వెళ్లొచ్చు. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీల్లో కూడా చూస్తారు.

ఇక ఇంట్లో చేసే పనులు. చర్మం కింద సెలైన్ ఎక్కించడం మీరే నేర్చుకోవచ్చు, రోజు విడిచి రోజు ఆటోలో క్లినిక్‌కి మోసుకెళ్లి ఆ చల్లటి స్టీల్ బల్ల మీద పెట్టే బాధ తప్పుతుంది. డాక్టర్ గారి ముందే ఒకటి రెండు సార్లు చేసి చూపించండి, ఎంత ఎక్కించాలో ఆయన్నే రాయమనండి. జూలీ 9 కిలోలు, దానికి రోజు విడిచి రోజు 150 మి.లీ. రింగర్ లాక్టేట్ అనే సెలైన్ రాశారు. గుండె జబ్బు కూడా ఉన్న కుక్కకి ఇది ప్రమాదం, నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుంది, కాబట్టి ఎవరో చెప్పారని సొంతంగా మొదలుపెట్టొద్దు. మేం చేసే పద్ధతి ఇది. సీసాని గిన్నెడు వేడి నీళ్లలో కాసేపు ఉంచి, తీసి మణికట్టు లోపలివైపు ఆనించి చూసేదాన్ని, పాలసీసా చూసినట్టు. చల్లగా ఉంటే కుక్క ఉలిక్కిపడి లేచిపోతుంది. సీసాని కిటికీ గ్రిల్‌కి చున్నీతో కట్టి వేలాడదీసి, ట్యూబులో గాలి పోయేదాకా నాలుగు చుక్కలు వదిలి, జూలీని ఒళ్లో తువ్వాలు మీద కూర్చోబెట్టుకునేదాన్ని. భుజాల మధ్య చర్మం వదులుగా ఉంటుంది, దాన్ని రెండు వేళ్లతో పైకి పట్టుకుంటే చిన్న గుడారంలా లేస్తుంది, సూది ఆ గుడారం అడుగున. మా అత్తయ్య ఎదురుగా పీట వేసుకుని తల నిమురుతూ ఆ రోజు పక్కింట్లో జరిగిన సంగతులన్నీ దానికి చెప్పేవారు. ఐదారు నిమిషాల్లో అయిపోతుంది. వీపు మీద బత్తాయంత ఉబ్బు వస్తుంది. మొదటిసారి అది ముందు కాలి వైపు జారడం చూసి హడలిపోయాను, కానీ అది మామూలే, కొన్ని గంటల్లో ఇంకిపోతుంది. సూది ప్రతిసారీ కొత్తది వాడండి. మర్నాటికి కూడా ఉబ్బు అలాగే ఉంటే ఇంకో విడత ఎక్కించకుండా ఫోన్ చేసి అడగండి.

తిండి దగ్గర చాలామంది పొరపడతారు. గిన్నె దాకా వచ్చి, వాసన చూసి, పెదాలు నాక్కుంటూ పక్కకి తిరిగిపోతుంటే అది మొండితనం కాదు, వికారం. దీనికి మారోపిటాంట్, ఆన్డాన్సెట్రాన్ లాంటి మందులున్నాయి, అడిగి రాయించుకోండి. వికారం తగ్గకుండా నోట్లో కూరితే ఆ తిండంటేనే అసహ్యం పుడుతుంది. కిడ్నీ కుక్కకి భాస్వరం తక్కువ ఉన్న తిండి కావాలి, అంటే తెల్లన్నం, గుడ్డు తెల్లసొన, మెత్తగా ఉడికించిన చికెన్ కొంచెం, లేదంటే కిడ్నీ జబ్బు కోసమే అమ్మే ప్యాకెట్లు. ఎముకలు, లివర్, పచ్చసొన, పాలు, పెరుగు తగ్గించాలి. జూలీకేమో పెరుగన్నం అంటే ప్రాణం. మూడు నెలలు ఆపేశాం, మేం తింటుంటే డైనింగ్ టేబుల్ కింద కూర్చుని చూసేది. చివరి రెండు వారాల్లో ఇంకేదీ ముట్టనప్పుడు డాక్టర్ గారే "ఇప్పుడు ఏది తింటే అదే మందమ్మా" అన్నారు. ఆ పూట అత్తయ్య మీగడ పెరుగుతో మెత్తగా పిసికి పెడితే గిన్నె నేల మీద జరుగుతూ గోడ దాకా పోయింది, అంతలా నాకింది. అందుకే పథ్యం ఎప్పుడు మొదలుపెట్టాలన్నదే కాదు, ఎప్పుడు వదిలేయాలన్నది కూడా డాక్టర్‌ని అడగండి.

మనం వేసుకునే నొప్పి మాత్రలు మాత్రం వేయకండి. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి ఉన్న కాస్త కిడ్నీని కూడా దెబ్బతీస్తాయి. పిల్లి అయితే ఒక్క పారాసెటమాల్ మాత్రకే చనిపోవచ్చు. నున్నటి టైల్స్ మీద కాళ్లు జారుతుంటే పాత యోగా మ్యాట్ పరవండి, నీళ్ల గిన్నెలు రెండు మూడు చోట్ల పెట్టండి.

ఇంతకంటే ముఖ్యమైనది ఇంకోటుంది. కుక్క ఇంకా బాగా ఉన్నప్పుడే కూర్చుని దానికి బతుకంటే ఏంటో మూడు విషయాలు రాసుకోండి. మేం రాసుకున్నవి: మా ఆయన బండి చప్పుడు వినగానే తలుపు దగ్గరికి ఉరకడం, పొద్దున్నే బాల్కనీ ఎండలో వెల్లకిలా పడుకోవడం, తిండి మీద ఆశ. వీటిలో రెండు పోతే ఇంజెక్షన్ గురించి మాట్లాడుకుందాం అని ముగ్గురం ఒప్పుకున్నాం. తర్వాత వంటింట్లో గోడ క్యాలెండర్ మీద రోజూ పడుకునే ముందు ఒక గుర్తు, మంచి రోజైతే టిక్కు, చెడ్డ రోజైతే ఇంటూ. ఎందుకంటే మన మనసు మనల్ని మోసం చేస్తుంది. నాలుగు రోజులు వాంతులతో నలిగిన కుక్క ఒక సాయంత్రం తోక ఊపితే చాలు, బాగానే ఉందిగా అనిపిస్తుంది, ఆ నాలుగు రోజులూ మర్చిపోతాం. మొదటి నెల పేజీ నిండా టిక్కులే. ఆఖరి నెలలో ఏకాదశి నుంచి పౌర్ణమి దాకా వరసగా ఐదు ఇంటూలు. ఆ పేజీ చూశాక మా ఇంట్లో ఎవరూ వాదించలేదు.

ఇంకాస్త పద్ధతిగా కావాలంటే అమెరికాలో పశువుల క్యాన్సర్ వైద్యురాలు ఆలిస్ విల్లలోబోస్ 2004లో తయారుచేసిన కొలత ఉంది. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, నడక, చెడ్డ రోజుల కంటే మంచి రోజులు ఎక్కువ ఉన్నాయా అనేది, ఈ ఏడింటికీ పదేసి మార్కులు. పది అంటే బాగా ఉందని. మొత్తం 35 దాటితే ఇంకా చూసుకుంటూ ఉండొచ్చని అర్థం. ఇంట్లో ఒక్కొక్కరూ విడివిడిగా వేసి తర్వాత పోల్చుకోండి. మా ఆయన వేసిన మార్కులకీ నావాటికీ చాలా తేడా వచ్చింది, రాత్రుళ్లు లేచి కడిగేది నేను కాబట్టి.

పెద్దవాళ్లు ఒప్పుకోవడం కష్టం. "చేతులారా చంపుకుంటామా, పాపం తగలదూ" అన్నారు అత్తయ్య మొదట్లో. నేను ఎదురు చెప్పలేదు, తనని కూడా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన జూలీ పెదవి పైకెత్తి నోట్లో పుండ్లు చూపించారు. దారిలో ఆవిడే అన్నారు, "ఇంకా దీన్ని బాధపెట్టొద్దే" అని. పిల్లలకి మాత్రం నిజం చెప్పండి. "నిద్రపుచ్చారు" అని చెబితే రేపు వాళ్లు నిద్రపోవడానికే భయపడొచ్చు. "జబ్బు నయం కాదు, చాలా బాధపడుతోంది, డాక్టర్ అంకుల్ మందిస్తే చనిపోతుంది, నొప్పి ఉండదు" అని ఎనిమిదేళ్ల మా బాబుకి చెప్పాం. ఏడ్చాడు, తర్వాత దాని మెడపట్టీ తను ఉంచుకోవచ్చా అని అడిగాడు. బయటివాళ్లు "కుక్కే కదా, ఇంకోటి తెచ్చుకోండి" అంటారు. వాళ్లకి వివరించే ఓపిక ఇప్పుడు మీకు లేదు, ఆఫీసులో ఇంట్లో బాగోలేదని చెప్పి సెలవు పెట్టండి.

ఇంజెక్షన్ రోజు ఏం జరుగుతుందో తెలిస్తే భయం తగ్గుతుంది. ముందు మత్తు ఇమ్మని గట్టిగా అడగండి, అది నిద్రలోకి జారుకున్నాకే, ముందు కాలికి పెట్టిన క్యాన్యులా ద్వారా ఎక్కువ మోతాదులో మత్తుమందు ఎక్కిస్తారు. సాధారణంగా కొద్ది నిమిషాల్లో గుండె ఆగిపోతుంది. కళ్లు మూతపడవు. ఆ తర్వాత కూడా ఒకటి రెండు సార్లు ఎగశ్వాసలా రావొచ్చు, ఉచ్చ పడొచ్చు, అది ప్రాణం ఉండి కాదు. కింద పాత దుప్పటి వేయండి. వీలైతే ఇంట్లోనే, అది రోజూ పడుకునే చోటే చేయించండి. ఫీజు ముందే ఇచ్చేయండి, తర్వాత పర్సు తీసే స్థితిలో ఉండరు. మేం ఆదివారం చేయించాల్సింది మంగళవారం దాకా లాగాం, ఇంకొక్క టిక్కు పడుతుందేమోనని. ఆ రెండు రోజులూ దానికి అవసరం లేదు, మాకోసం ఉంచుకున్నాం. మీరు అలా చేయకండి.

శరీరాన్ని ఏం చేయాలో కూడా ముందే తేల్చుకోండి, ఆ పూట ఫోన్లు చేస్తూ తిరగడం చాలా కష్టం. కొద్ది గంటల్లో ఒళ్లు బిగుసుకుంటుంది, కాబట్టి కాళ్లు మడిచి పడుకున్నట్టు సర్ది నూలు దుప్పట్లో చుట్టండి, కొంత సమయం పడుతుందంటే ఐస్ పెట్టండి. సొంత స్థలం ఉంటే బావికీ బోరుకీ దూరంగా, కనీసం మూడు నాలుగు అడుగుల లోతు తవ్వాలి. ఇంజెక్షన్ మందు ఒంట్లోనే ఉంటుంది, వీధి కుక్కలు తవ్వి తింటే వాటికీ ముప్పే. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ వాళ్లకి ఫతుల్లాగూడలో పెంపుడు జంతువుల దహనవాటిక ఉంది, ముందుగా ఫోన్ చేసి కనుక్కోండి.

మిగిలిన మందులు పారేయకండి. సీల్ తీయని సెలైన్ సీసాలు మాకు నాలుగు మిగిలాయి, క్లినిక్‌లో ఇస్తే కొనలేని వాళ్ల కుక్కలకి వాడతామన్నారు. జూలీ గిన్నె, పరుపు మాత్రం ఎవరు తీయమన్నా తీయలేదు. నెలా పది రోజుల తర్వాత ఒక ఆదివారం అత్తయ్యే గిన్నె తోమి, తుడిచి, పప్పు డబ్బాల పక్కన పెట్టారు.