ప్రోబయాటిక్ కలిపినా కోడికి కండ పట్టట్లేదా? సమస్య - పరిష్కారం

ప్రోబయాటిక్ పొడి, అంటే మేలు చేసే బ్యాక్టీరియా ఉన్న పొడి, నేరుగా కోడి కండను పెంచదు. అది పనిచేసేది పేగులో. ఆ బ్యాక్టీరియా వల్ల పేగు బాగుంటే దాణాలోని ప్రోటీన్ ఒంటబడుతుంది, రోగాలతో పోరాడటానికి ఖర్చయ్యే శక్తి మిగులుతుంది, ఆ మిగులు రొమ్ము కండకు చేరుతుంది. మాంసంలో తేడా రాలేదంటే ఈ దారిలో ఎక్కడో అడ్డు పడినట్టే. విశాఖ దగ్గర ఆనందపురం, పెందుర్తి, సబ్బవరం వైపు బ్రాయిలర్ (మాంసపు కోళ్ల) షెడ్లు నడిపేవాళ్లు ఇంకో ప్యాకెట్ కొనే ముందు ఇవి చూసుకోండి.

పొడి వాడుతున్నా బరువు రావట్లేదు, లిట్టర్ (షెడ్ నేల మీద పరిచే పొట్టు) తడిగానే ఉంటోంది

ముందుగా అనుమానించాల్సింది, బ్యాక్టీరియా కోడి కడుపులోకి బతికి చేరుతోందా లేదా అన్నది. నీళ్ల ట్యాంకు మూత తీసి వాసన చూడండి. బ్లీచింగ్ ఘాటు ముక్కుకు కొడితే ఆ నీళ్లలో కలిపిన పొడికి పెట్టిన డబ్బు పోయినట్టే. అలాగని బ్లీచింగ్ మానేయొద్దు, బోరు నీళ్లకి అది అవసరం. పొడి ఇచ్చే పూట మాత్రం క్లోరిన్ లేని నీళ్లు వాడండి, లేదా సోడియం థయోసల్ఫేట్‌తో క్లోరిన్‌ని విరిచేయండి. అసలు పొడిని దాణాలోకి మార్చుకుంటే ఈ టెన్షనే ఉండదు.

దాణాలో కలిపేటప్పుడు ప్యాకెట్ మీద ఏ బ్యాక్టీరియా ఉందో చదవండి. పెల్లెట్ (గుళికల దాణా) తయారీలో దాణా 80 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. ఆ వేడికి మామూలు లాక్టోబాసిల్లస్ చాలావరకు చచ్చిపోతుంది. బాసిల్లస్ సబ్టిలిస్, బాసిల్లస్ కోయాగ్యులన్స్ లాంటివి స్పోర్ల (గట్టి పెంకుతో నిద్రాణంగా ఉండే) రూపంలో ఉంటాయి కాబట్టి తట్టుకుంటాయి. దాణా కంపెనీదే అయితే అందులో ఏం కలిపారో కంపెనీ సూపర్‌వైజర్‌ని అడిగి తెలుసుకోండి.

ఇక కలిపే పద్ధతి. అర కిలో పొడిని టన్ను దాణా మీద చల్లి పారతో తిప్పితే అన్ని కోళ్లకూ సమానంగా అందదు. ముందు 5 కిలోల మొక్కజొన్న పిండిలో కలిపి, దాన్ని 50 కిలోల దాణాలో కలిపి, ఆ తర్వాతే మొత్తంలో వేయండి.

యాంటీబయాటిక్ కోర్సు నడుస్తున్నప్పుడు ప్రోబయాటిక్ ఇవ్వడం చాలామటుకు వృథా. కోర్సు అయ్యాక మొదలుపెట్టండి. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ని పశువులకు, కోళ్లకు వాడకుండా కేంద్రం 2019లోనే నిషేధించింది, ఎవరిచ్చినా తీసుకోవద్దు.

కోళ్లు నీళ్లు తాగే నిపుల్స్ కారుతున్నా లిట్టర్ తడుస్తుంది, అదీ చూడండి. రెట్టలో రక్తం కనిపిస్తే కాక్సిడియోసిస్ (పేగును దెబ్బతీసే పరాన్నజీవి రోగం) కావచ్చు. అది పొడితో తగ్గేది కాదు, వెంటనే డాక్టర్‌కి చూపించాలి.

ముక్క పాలిపోయి మెత్తగా ఉంది, నీరు కారుతోంది

చికెన్ షాపు నుంచి ఈ ఫిర్యాదు వస్తే అందరూ దాణానే తప్పుపడతారు. నా లెక్కలో మొదటి అనుమానం వేడి మీదే. ఎండకి, ప్రయాణానికి అలిసిన కోడిని వెంటనే కోస్తే కండలో ఆమ్లం త్వరగా పెరుగుతుంది. కోసిన 15 నిమిషాలకే, ఒళ్లింకా వేడిగా ఉండగానే పీహెచ్ (ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే కొలత) 6 కిందికి పడిపోతే కండలోని ప్రోటీన్ దెబ్బతిని నీటిని పట్టుకోలేదు. ట్రేలో నీరు నిలిచేది అందుకే.

విశాఖలో సముద్రపు తేమ దీనికి తోడవుతుంది. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతూ ఒంటి వేడి తగ్గించుకుంటుంది. గాలి నిండా తేమ ఉంటే ఎంత రొప్పినా ఒళ్లు చల్లబడదు. అలాంటి పూట ఫాగర్లు (నీటి తుంపర చల్లేవి) వేస్తే ఉక్క ఇంకా పెరుగుతుంది. ఫ్యాన్లు పెంచి గాలి ఆడేలా చేయండి. లిఫ్టింగ్ (కోళ్లని పట్టి బండికెక్కించడం) తెల్లవారకముందే పెట్టుకోండి, క్రేట్లు కిక్కిరిసేలా నింపొద్దు. కోతకు 8 నుంచి 12 గంటల ముందు దాణా ఆపండి, ఆ లెక్కలో ప్రయాణ సమయం కూడా కలిపే చూడండి. నీళ్లు మాత్రం కోళ్లని పట్టేదాకా ఉండాలి.

ఇక్కడ ప్రోబయాటిక్ కొంత సాయం చేయగలదు. వేడికి పేగు గోడ దెబ్బతినడాన్ని, కండలో కొవ్వులు ఆక్సీకరణ చెందడాన్ని కొన్ని స్ట్రెయిన్లు (బ్యాక్టీరియా రకాలు) తగ్గిస్తాయి, నీరు కారడమూ తగ్గొచ్చు. అన్ని స్ట్రెయిన్లూ ఒకేలా పనిచేయవు. మధ్యాహ్నం ఎండలో లోడ్ ఎత్తితే మాత్రం ఏ పొడీ కాపాడలేదు.

ముక్క ఎంత ఉడికినా గట్టిగానే ఉంటోంది

కోసిన గంటలోపే పొయ్యి మీదికెక్కిన కోడి ఇలా ఉంటుంది, కండ బిగుసుకునే సమయం అదే. కొన్ని గంటలు ఫ్రిజ్‌లో పెట్టి వండమని కొనేవాళ్లకి చెప్పండి.

రొమ్ము మీద తెల్ల చారలు, చేత్తో నొక్కితే గట్టిదనం

వేగంగా బరువు పెరిగే జాతుల్లో కండ పెరిగినంత త్వరగా దానికి రక్తం అందక వచ్చే ఇబ్బంది ఇది. ప్రోబయాటిక్ దీనికి మందు కాదు. మొదటి వారాల్లో పెరుగుదల వేగాన్ని కాస్త అదుపులో ఉంచేలా దాణా మార్చడం గురించి డాక్టర్‌తో మాట్లాడండి.

ఇవన్నీ సరిచేశాక కూడా పొడి పనిచేస్తోందో లేదో తేలకపోతే, ఒకే హ్యాచరీ పిల్లల్ని షెడ్‌లో వలతో రెండు భాగాలు చేసి, ఒకవైపే పొడి ఇవ్వండి. లిఫ్టింగ్ రోజు రెండువైపులా చేతికందిన కోళ్లని, ఏరకుండా, సమాన సంఖ్యలో తీసి కోయించి, రొమ్ము ముక్క విడిగా తూకం వేయించండి. ఆ ముక్కల్ని కవర్లలో కట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, పొద్దున్నే కారిన నీరు ఒంపేసి మళ్లీ తూచండి. రెండువైపులా తేడా లేకపోతే వచ్చే బ్యాచ్‌కి ఆ ప్యాకెట్ కొనకండి.