ప్రభుత్వ కాంట్రాక్టు వివాదాలు, 4వ పాఠం: సరుకు ఆలస్యమైతే గడువు ఎన్ని రోజులు పెరుగుతుంది?

గత పాఠంలో వర్క్ ప్రోగ్రాం చదవడం నేర్చుకున్నాం. ఏ పని ఆగితే మొత్తం పని ఆగుతుందో, అంటే క్రిటికల్ పాత్ ఏదో, ఏ పనికి ఎన్ని రోజుల ఫ్లోట్, అంటే మొత్తం గడువు దెబ్బతినకుండా ఆ పని వెనకబడగల వ్యవధి, ఉందో గుర్తుపట్టడం వచ్చి ఉండాలి. అది రాకుండా ఈ పాఠం ఎక్కదు. తడబాటుంటే ఓసారి వెనక్కి వెళ్లి చూసి రండి.

ఈసారి సమస్య ఇది. సప్లయర్ సరుకు ఆలస్యంగా పంపాడు, పని గడువు దాటింది, శాఖ బిల్లులో రోజుకింత చొప్పున ఎల్‌డీ, అంటే ఆలస్యానికి ఒప్పందంలో ముందే రాసుకున్న పరిహారం, కోస్తానంటోంది. ఆ కోత తప్పించుకోవాలంటే కాంట్రాక్టరు ఈఓటీ, అంటే గడువు పొడిగింపు, సంపాదించాలి. ఎన్ని రోజులు నిలబడతాయో లెక్క తేల్చడమే మన పని.

"సప్లయర్ ఇవ్వలేదండీ" అని ఉత్తరం రాస్తే చాలనుకునేవాళ్లు చాలామంది. చాలదు. శాఖకు మీ సప్లయర్‌తో ఏ ఒప్పందమూ లేదు. అతన్ని ఎంచుకున్నది మీరు. కాబట్టి అతని తప్పు శాఖ దృష్టిలో మీ తప్పే. అతను ఎందుకు ఇవ్వలేదు అన్న ప్రశ్న దగ్గరే అసలు వాదన మొదలవుతుంది.

అమెరికా ఫెడరల్ ప్రభుత్వ నిర్మాణ ఒప్పందాల్లో ఉండే ఎఫ్ఏఆర్ (ఆ ప్రభుత్వ కొనుగోళ్ల నిబంధనలు) 52.249-10 క్లాజు దీన్ని సూటిగా చెబుతుంది. వరద, అగ్నిప్రమాదం, సమ్మె, అంటువ్యాధి, అసాధారణ వాతావరణం లాంటి కారణాల వరుసలో చివరిది సబ్‌కాంట్రాక్టర్ల, సప్లయర్ల ఆలస్యం. కానీ దానికి షరతు ఉంది: ఆ కారణం ముందుగా ఊహించలేనిదై ఉండాలి, కాంట్రాక్టరు, సప్లయర్ ఇద్దరి చేతుల్లోనూ లేనిదై ఉండాలి, ఇద్దరి తప్పూ ఉండకూడదు. సప్లయర్ కింద ఇంకో సప్లయర్ ఉంటే అతని దాకా వెళ్లి ఇదే అడుగుతారు.

ఫిడిక్ (కన్సల్టింగ్ ఇంజనీర్ల అంతర్జాతీయ సమాఖ్య) 1999లో తెచ్చిన నమూనా నిర్మాణ ఒప్పందం, రెడ్ బుక్, ఇంకా బిగుతు. అందులోని 8.4 క్లాజు ప్రకారం సరుకు కొరత వల్ల గడువు పెరగాలంటే ఆ కొరత ఊహించలేనిది కావాలి, పైగా అంటువ్యాధి వల్లో ప్రభుత్వ చర్యల వల్లో వచ్చి ఉండాలి. ఫ్యాక్టరీలోకి వరద నీరొచ్చిందంటే ఆ మాటల కింద చోటు దొరకదు, 19వ క్లాజులోని ఫోర్స్ మజూర్ (ఎవరి చేతుల్లోనూ లేని అసాధారణ ఘటన) కింద వాదించుకోవాలి. అందుకే మీ ఒప్పందంలో ఏ మాటలున్నాయో చూడకుండా ఇంకొకరి ఉత్తరం కాపీ కొట్టకండి.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. కాగితం తీసుకోండి.

ప్రభుత్వ భవనం. పైకప్పు ఉక్కు ట్రస్సులు మార్చి 1న సైటుకు రావాలి. ఏప్రిల్ 20న వచ్చాయి. సప్లయర్ లెటర్: "వరద వల్ల 50 రోజుల ఆలస్యం." కాంట్రాక్టరు ఆ లెటర్ జతచేసి 50 రోజుల ఈఓటీ అడిగాడు. ఒప్పందంలో వరద మన్నించదగ్గ కారణమే, అది సప్లయర్‌కీ వర్తిస్తుంది. నోటీసు 28 రోజుల్లో ఇవ్వాలి.

ఫైలు తిరగేస్తే ఇవి బయటపడ్డాయి. వరద వల్ల ఫ్యాక్టరీ ఫిబ్రవరి 10 నుంచి మూతపడి మార్చి 3న తెరుచుకుంది (ఫిబ్రవరికి 28 రోజులు అనుకోండి). అంటే 21 రోజులు. తెరిచాక 12 రోజులు వేరే కస్టమర్ ఆర్డర్ ముందు చేశారు. తర్వాత 17 రోజులు సరుకు తయారైనా కదల్లేదు, ఎందుకంటే కాంట్రాక్టరు బాకీ పెట్టాడు. మొత్తం 50.

12 రోజులు సప్లయర్ తప్పు, 17 రోజులు కాంట్రాక్టరు తప్పు. రెండూ పోయాయి. మిగిలింది 21. చాలామంది ఇక్కడే ఆగి సంతోషపడతారు.

వర్క్ ప్రోగ్రాం తెరవండి. ట్రస్సులు నిలబెట్టాల్సిన కాలమ్స్ ప్రోగ్రాం ప్రకారమే మార్చి 9కి పూర్తవుతాయి, అలాగే పూర్తయ్యాయి కూడా. అంటే ట్రస్సులు చెప్పిన రోజుకే వచ్చినా 8 రోజులు ఖాళీగా పడి ఉండేవి. వరద ఒక్కటే అడ్డొచ్చి ఉంటే అవి మార్చి 22న వచ్చేవి. మార్చి 9 నుంచి 22 దాకా 13 రోజులు. వరద పనిని నిజంగా ఆపింది అంతవరకే.

50 అడిగితే తేలింది 13. అదీ నోటీసు సరిగ్గా ఉంటేనే.

వరద సంగతి సప్లయర్ ఫోన్ చేసి చెప్పింది ఫిబ్రవరి 12న. కాంట్రాక్టరు శాఖకు రాసింది మార్చి 15న. ఫిబ్రవరి 12 నుంచి 28 రోజులు లెక్కేస్తే మార్చి 12. మూడు రోజులు లేటు. ఫిడిక్ 1999లోని 20.1 క్లాజులో కాంట్రాక్టరుకు సంగతి తెలిసిన నాటి నుంచి, లేదా తెలిసి ఉండాల్సిన నాటి నుంచి 28 రోజుల్లో నోటీసు ఇవ్వకపోతే గడువు పెరగదని స్పష్టంగా ఉంది. శాఖ తరఫు లాయరు మొదట పట్టుకునేది దీన్నే.

కాంట్రాక్టరుకు ఒక జవాబు ఉంది. జిబ్రాల్టర్ ప్రభుత్వం విమానాశ్రయ రన్‌వే కింద సొరంగ రోడ్డు పని ఒబ్రాస్కాన్ కంపెనీకి ఇచ్చింది. ఆ వివాదంలో 2014లో ఇంగ్లండ్ హైకోర్టు జడ్జి ఏకన్‌హెడ్ ఈ 28 రోజుల క్లాజును కాస్త ఉదారంగా చదివారు. ఆలస్యం జరగబోతోందని స్పష్టమైన నాటి నుంచే కాదు, ఆలస్యం నిజంగా మొదలైన నాటి నుంచి కూడా లెక్క పెట్టుకోవచ్చన్నారు. మన ఉదాహరణలో ట్రస్సుల కోసం పని ఆగింది మార్చి 9 తర్వాతే. ఆ తీర్పు ప్రకారం చూస్తే మార్చి 15 నోటీసు గడువులోనే ఉంది. కాబట్టి జవాబు సున్నానా, 13 రోజులా అన్నది ఒప్పందంలోని మాటల మీద, తీర్పు చెప్పేవాళ్ల మీద ఆధారపడుతుంది. నన్నడిగితే ఆ జూదం ఎందుకు? ఫోన్ వచ్చిన మర్నాడే నాలుగు లైన్లు రాసి పడేస్తే టెన్షనే ఉండదు. ఎఫ్ఏఆర్ క్లాజులోనైతే ఉన్నదే 10 రోజులు.

ఆ నాలుగు లైన్లు ఇలా ఉండొచ్చు:

"ఫలానా క్లాజు కింద నోటీసు. ట్రస్సుల ఫ్యాక్టరీ వరద వల్ల ఫిబ్రవరి 10 నుంచి మూతపడినట్టు మాకు ఫిబ్రవరి 12న తెలిసింది. దీనివల్ల పైకప్పు పని ఆలస్యం కావచ్చు. ఎన్ని రోజులన్నది ఇంకా తేలలేదు, వివరాలు, ఆధారాలు తర్వాత పంపుతాం. గడువు పొడిగింపు కోరే హక్కును ఉంచుకుంటున్నాం."

రోజుల సంఖ్య తెలియదని నోటీసు ఆపకండి. సంఖ్యకు వేరే గడువు ఉంటుంది: పూర్తి వివరాలకు ఫిడిక్ 1999లో 42 రోజులు, 2017 కూర్పులో 84.

ఇంకో ప్రశ్న శాఖ తప్పక వేస్తుంది: "వేరేచోట కొనొచ్చుగా?" అమెరికా ప్రభుత్వ సరఫరా ఒప్పందాల క్లాజు 52.249-8లో ఇది రాసే ఉంది. సకాలంలో ఇంకోచోట దొరికే సరుకైతే సప్లయర్ ఇబ్బంది సాకు కాదు. సిమెంటు, కడ్డీల విషయంలో ఈ ప్రశ్నకు నిలబడటం కష్టం. డ్రాయింగు చూసి తయారుచేసే ట్రస్సులు, లిఫ్టులు, ట్రాన్స్‌ఫార్మర్ల విషయంలో నిలబడొచ్చు. అయితే ఇంకో ఇద్దరిని అడిగిన ఈమెయిళ్లు, వాళ్లిచ్చిన కొటేషన్లు చూపించాలి. మాట చాలదు.

మిగిలిన రోజుల ఎల్‌డీ మీ నెత్తిన పడుతుంది. అందులో 12 రోజులు సప్లయర్ వల్లే కదా, అతని దగ్గర వసూలు చేయొచ్చా? 1854 నాటి హ్యాడ్లీ వర్సెస్ బాక్సెండేల్ కేసు చూడండి. గ్లాస్టర్‌లో ఒక మిల్లు క్రాంక్ షాఫ్ట్ విరిగింది. కొత్తది చేయించడానికి నమూనాగా పంపిన షాఫ్ట్‌ను రవాణావాళ్లు ఆలస్యంగా చేర్చారు. మిల్లు ఆగిన రోజుల లాభం కావాలని యజమానులు అడిగారు. ఆ షాఫ్ట్ లేకపోతే మిల్లే ఆగుతుందన్న పరిస్థితి రవాణావాళ్లకు తెలియజేయలేదు కాబట్టి ఆ నష్టం రాదని కోర్టు అంది. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 73వ సెక్షన్‌లో ఉన్నదీ దాదాపు ఇదే సూత్రం. కాబట్టి పర్చేజ్ ఆర్డర్‌లోనే రాయండి: ఇది ఫలానా ప్రభుత్వ పనికి, ఆలస్యమైతే మాపై రోజుకింత ఎల్‌డీ పడుతుంది, అది మీరు భరించాలి. భారత చట్టం వర్తించే ఆర్డరైతే 55వ సెక్షన్‌నూ మరిచిపోకండి. గడువే కీలకమైన ఒప్పందంలో ఆలస్యంగా వచ్చిన సరుకు తీసుకునేటప్పుడే "పరిహారం అడుగుతాం" అని నోటీసు ఇవ్వకపోతే తర్వాత అడగడం కుదరదు. చలాన్ మీద సంతకం పెట్టే సైట్ ఇంజనీరుకు ఈ సంగతి తెలిసి ఉండాలి.

అభ్యాసం. పై లెక్కే, రెండు మార్పులతో చేయండి. ఒకటి, ట్రస్సులు కొనిచ్చే బాధ్యత ఒప్పందం ప్రకారం శాఖదే, బాకీ పెట్టి 17 రోజులు ఆపిందీ శాఖే. రెండు, కాంట్రాక్టరు సొంత తప్పు వల్ల కాలమ్స్ మార్చి 9కి బదులు ఏప్రిల్ 2న పూర్తయ్యాయి. ఇద్దరి వల్లా ఒకేసారి పని ఆగిన రోజులను విడిగా రాయండి. ఆ రోజులకు గడువు ఇవ్వాలా, డబ్బు కూడా ఇవ్వాలా అన్నది 5వ పాఠం. అందులో 1999 నాటి మాల్‌మేసన్ హోటల్ కేసుతో మొదలుపెడదాం.