చీరా జాకెట్టూ ఒకే మడతలో: డిజిటల్ ఆల్బమ్ సరుకు సర్దుకునే పద్ధతి

మా అమ్మ డెబ్బయ్యో పుట్టినరోజుకి కంప్యూటర్లో ఇరవైనాలుగు పేజీల ఆల్బమ్ చేశాను. పేజీలు చెయ్యడానికి పట్టినదాని కన్నా, నెట్‌లోంచి ఎప్పుడో దింపుకున్న లేసు ముక్క బొమ్మ ఎక్కడుందో వెతకడానికే ఎక్కువ పట్టింది. డౌన్‌లోడ్స్ నిండా జిప్ ఫైళ్లు, ఒకే మల్లెపువ్వు మూడు చోట్ల. ఆల్బమ్ అచ్చుకి వెళ్ళాక పది రోజులు కూర్చుని అంతా సర్దాను. అప్పటినుంచీ ఇదే పద్ధతి.

మొదట కిట్ల సంగతి. కిట్ అంటే ఆల్బమ్ పేజీల్లో వాడుకోవడానికి కాగితాలు, పువ్వులు లాంటి బొమ్మల్ని ఒకరే చేసి ఒక కట్టగా ఇచ్చేది. కిట్‌లో కాగితాలు జేపీజీలుగా ఉంటాయి. పన్నెండు అంగుళాల చదరం, అంగుళానికి 300 చుక్కల లెక్కన 3600 × 3600 పిక్సెళ్లు. పువ్వులు, దారాలు, బొత్తాలు వెనక నేపథ్యం లేకుండా పీఎన్‌జీలుగా వస్తాయి. వీటితో పాటు ఒక ప్రివ్యూ బొమ్మ, వాడకం షరతుల ఫైలు ఉంటాయి. పువ్వులన్నీ ఒక ఫోల్డరులో, కాగితాలన్నీ ఒక ఫోల్డరులో వేద్దామని ఎవరికైనా అనిపిస్తుంది. నేనూ నాలుగు రోజులు అలాగే చేసి, మళ్ళీ అన్నీ వెనక్కి కలిపాను. కిట్ చేసినవాళ్ళు రంగులు కుదిర్చి ఇస్తారు. విడదీస్తే చీర ఒక అరలో, జాకెట్టు ఇంకో అరలో పెట్టినట్టే. పైగా ఆ పువ్వు ఎవరిది, సొంతానికేనా, డబ్బు తీసుకుని చేసే పనికీ వాడొచ్చా అన్నది తర్వాత తెలుసుకునే దారి ఉండదు. అందుకే కిట్‌ని కిట్‌గానే ఉంచండి, షరతుల ఫైలు అందులోంచి తియ్యకండి.

ఫోల్డరు పేరు డిజైనరు పేరుతో మొదలుపెట్టి కిట్ పేరుతో ముగించండి. ఇంగ్లీష్ అక్షరాల్లోనే పెట్టండి, తెలుగు పేర్లను కొన్ని పాత జిప్ ప్రోగ్రాములు ప్రశ్నార్థకాలుగా మార్చేస్తాయి. పేరు పొట్టిగా ఉండాలి. జిప్ విప్పితే ఒకే పేరుతో ఫోల్డరులో ఫోల్డరు, దాంట్లో ఇంకో ఫోల్డరు వస్తుంటాయి. ఈ ఫోల్డర్ల పేర్లూ ఫైలు పేరూ కలిసిన దారి (పాత్) మొత్తం 260 అక్షరాలు దాటితే విండోస్ చాలాసార్లు మధ్యలోనే ఆగిపోతుంది. నేను డి డ్రైవులో నేరుగా విప్పి, లోపలి ఫోల్డరుని పైకి లాగేస్తాను.

అన్ని కిట్ల ప్రివ్యూ బొమ్మలకీ ఒక్కో కాపీ తీసి, కిట్ పేరే పెట్టి, ఒకే ఫోల్డరులో వేసుకోండి. చీరల కొట్టులో మడతలు పరిచినట్టు అన్నీ ఒకేసారి కంటికి కనిపిస్తాయి. ఏ పేజీ మొదలుపెట్టినా నేను ముందు తెరిచేది ఆ ఫోల్డరే.

లేసు మాత్రమే కావాలి, ఏ కిట్‌దైనా ఫర్వాలేదు అన్నప్పుడు ట్యాగులు, అంటే వెతకడానికి ఫైలుకి తగిలించే గుర్తు మాటలు, పనికొస్తాయి. విండోస్‌లో జేపీజీకి ట్యాగు పెట్టొచ్చు కానీ పీఎన్‌జీకి కుదరదు. మన సరుకులో సగం పైన పీఎన్‌జీలే కాబట్టి బొమ్మలు సర్దే ప్రోగ్రాము ఒకటి, అడోబీ బ్రిడ్జ్ గానీ, ఉచితంగా దొరికే డిజికామ్ గానీ పెట్టుకోండి. నా ట్యాగులు పన్నెండే: పువ్వు, ఆకు, లేసు, దారం, అంచు, ఫ్రేము, అక్షరాలు... అలా. పండగల పేర్లతో పెట్టను. దీపావళి ట్యాగు పెట్టిన ప్రమిద బొమ్మ కార్తీక పౌర్ణమి పేజీ చేసేటప్పుడు గుర్తురాదు. ట్యాగులు మొదలుపెట్టాక ఫైళ్లు జరపాల్సొస్తే ఆ ప్రోగ్రాములోంచే జరపండి.

ఇక నాకు అన్నిటికన్నా ప్రాణమైన ఫోల్డరు: ఇంటి సరుకు. బయట దొరికే కిట్లలో గుమ్మడికాయలూ మంచు పూసలూ బోలెడుంటాయి. బొమ్మల కొలువు మెట్లు, బాసికం, పసుపు రాసిన శుభలేఖ మూల ఉండవు. అవి మనమే చేసుకోవాలి. ముగ్గుని నల్ల పెన్నుతో తెల్ల కాగితం మీద గీసి 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చెయ్యండి. తెలుపు తీసేస్తే గీత మిగులుతుంది, తర్వాత ఏ రంగైనా వేసుకోవచ్చు. వాకిట్లో ముగ్గుకి ఫోటో తీస్తే మట్టి రంగుని విడదియ్యడం చాలా కష్టం. జరీ అంచుకి మాత్రం స్కానరు పనికిరాదు, మెరుపు పోయి గోధుమరంగు గీతల్లా వస్తుంది. చీరని కిటికీ పక్కన ఎండ పడని చోట పరిచి ఫోటో తియ్యండి. అమ్మ పెళ్ళిచీర అంచు అలా తీసిందే, ఆ ఆల్బమ్‌లో ప్రతి పేజీకీ వాడాను. ఊళ్ళోంచి ఎవరైనా పాత ఫోటో పంపితే వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపమనండి, మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది. ఈ ఫోల్డరులో ఫైలు పేరుకి ఎవరి వస్తువో కూడా చేరుస్తాను: అమ్మ-పెళ్ళిచీర-అంచు, అమ్మమ్మ-కుంకంబరిణె, ఇవీ ఇంగ్లీష్ అక్షరాల్లోనే.

ఫాంట్లకి వేరే ఫోల్డరు. అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) టైపు చేసిన పాత పేజీలు ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అర్థంకాని అక్షరాలైపోతాయి. అలాంటి పేజీ పక్కనే ఒక జేపీజీ కాపీ ఉంచండి. కొత్త పేజీలకి యూనికోడ్ ఫాంట్లు వాడండి, వాటిలో టైపు చేసింది వేరే తెలుగు ఫాంటుతోనైనా చదవొచ్చు. మండలి, రామభద్ర, సూరన్న, తిమ్మన లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగానే ఉన్నాయి. పాత ఫోటోషాప్ వెర్షన్లలో ఒత్తులు విడిపోతే టైప్ సెట్టింగుల్లో దక్షిణాసియా భాషల ఎంపిక పెట్టి, ప్రోగ్రాము మూసి తెరవండి.

జిప్‌లు విప్పి సరిచూశాక కంప్యూటర్లోంచి తీసేసి, బయటి హార్డ్ డిస్కులో మాత్రం ఉంచుతాను. ఇంటి సరుకు ఫోల్డరుకి ఇంకో కాపీ కూడా ఉంది, విశాఖలో మా చెల్లి బీరువాలో. మా దగ్గర ఒక డిస్కు, తన దగ్గర ఒకటి. సంక్రాంతికి కలిసినప్పుడు కొత్తవి ఎక్కించిన డిస్కు తనకిచ్చి, తన దగ్గరున్నది నేను తెచ్చుకుంటాను.