రాతి మిద్దెలోకి ఫోన్ సిగ్నల్ తేవడం ఎలా?

జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు పాత ఇళ్లలో ఫోన్ మోగితే మనిషి అరుగు మీదకు పరుగెత్తాల్సిందే. మూరెడు మందాన రాతి గోడలు, పైన నాపరాళ్లు. టవర్‌ను తిట్టి లాభం లేదు. మిద్దె మీద సిగ్నల్ పట్టుకుని, కేబుల్‌తో కిందికి దించి, ఇల్లంతా వైఫైగా పంచాలి.

‘బూస్టర్’ పేరుతో అమ్మే రిపీటర్ పెట్టెలు, అంటే సిగ్నల్‌ను పెంచి మళ్లీ వదిలేవి, మాత్రం కొనకండి. అనుమతి లేకుండా వాడడం చట్టవిరుద్ధం. పైగా దాని లోపలి యాంటెన్నా మాట బయటి యాంటెన్నాకు వినబడిందంటే జాతరలో మైకు కూసినట్టు కూసి, వీధి మొత్తానికీ సిగ్నల్ చెడగొడుతుంది. ఫోన్ వెనక అంటించే స్టిక్కర్ల గురించి మాట్లాడడమే దండగ.

కావలసినవి: బయటి యాంటెన్నాకు రెండు సాకెట్లున్న 4జీ సిమ్ రౌటర్, 850 నుంచి 2300 మెగాహెర్ట్జ్ వరకు పనిచేసే మైమో యాంటెన్నా (ఒకే దాంట్లో రెండు యాంటెన్నాలు), ఇనుప పైపు, 50 ఓమ్‌ల కేబుళ్లు రెండు. ఇంట్లో మిగిలిపోయిన డిష్ కేబుల్ 75 ఓమ్‌లది, దాన్ని తగిలించకండి. పొడవు పది మీటర్లు దాటకూడదు. సన్న కేబుల్ అయితే ఆ దూరానికే సగానికి మించి సిగ్నల్ మింగేస్తుంది. పైపును పిట్టగోడకు బిగించి ఎర్తింగ్ ఇవ్వండి. డిష్ పైపుకు కట్టనే కట్టొద్దు. రేపు డిష్ బాగుచేయడానికి వచ్చినవాడు దాన్ని కదిపితే మీ పని మళ్లీ మొదటికొస్తుంది.

ఇక అసలు పని, యాంటెన్నా తిప్పడం. అందరూ చెడగొట్టేది ఇక్కడే. కనబడే టవర్ వైపు పెట్టేసి, గీతలు నాలుగు రాగానే దిగిపోతారు. ఆ టవర్ మీ కంపెనీదో కాదో టెలికాం శాఖ వారి ‘తరంగ్ సంచార్’ పోర్టల్‌లో ముందే చూసుకోండి. గీతలను అసలు నమ్మకండి. ఫోన్‌ను రౌటర్ వైఫైకి కలిపి, బ్రౌజర్‌లో రౌటర్ సెట్టింగ్స్ పేజీ తెరిస్తే రెండు అంకెలు కనిపిస్తాయి. ఆర్‌ఎస్‌ఆర్‌పీ సిగ్నల్ బలం చెబుతుంది: మైనస్ 85 మంచిది, మైనస్ 110 అధ్వానం. ఎస్‌ఐఎన్‌ఆర్ సిగ్నల్ ఎంత శుభ్రంగా ఉందో చెబుతుంది: సున్నా దగ్గరుంటే పనికిరాదు, 13 దాటితే హాయి. ఈ రెండూ పోట్లాడుకుంటే నేను ఎప్పుడూ రెండోదాని పక్షమే. బలంగా వచ్చే గోల కన్నా సన్నగా వచ్చే స్పష్టమైన మాట మేలు.

యాంటెన్నాను ఒక్కసారికి బెత్తెడు మాత్రమే తిప్పండి. తిప్పాక ఒక నిమిషం చేతులు కట్టుకుని నిలబడండి. అంకెలు వెంటనే మారవు. ఓపిక లేనివాళ్లు పాత అంకె చూసి కొత్త దిక్కును మెచ్చుకుంటారు. ప్రతి దిక్కుకూ రెండు అంకెలూ కాగితం మీద రాసుకోండి. మొదట దొరికిన మంచి అంకె దగ్గర ఆగొద్దు, చుట్టూ తిప్పి చూడాల్సిందే. కొండ అడ్డున్న దగ్గరి టవర్ కన్నా, నేరుగా కనబడే దూరపు టవర్ నయమని తేలడం కొత్తేమీ కాదు. అన్నిటికన్నా మంచి దిక్కు దొరికాక కూడా పూర్తిగా బిగించకండి. రాత్రి ఎనిమిదికి, ఊరంతా వీడియోలు చూసే వేళ, మళ్లీ అంకెలు చూడండి. అప్పుడూ నిలబడితేనే స్పానర్ పట్టండి.

జాయింట్లకు రబ్బరు టేపు చుట్టండి. కేబుల్‌ను కిటికీ దగ్గర కిందికి వేలాడేలా మలుపు తిప్పి లోపలికి తీసుకోండి, వాన నీరు అక్కడే కారిపోతుంది. రౌటర్ మిద్దె మీద వద్దు, అనంతపురం ఎండలకు అది బతకదు.

చివరగా ఫోన్ సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేయండి, మామూలు కాల్స్ కూడా వైఫై మీదుగానే వస్తాయి. జియో, ఎయిర్‌టెల్ రెండింటికీ పనిచేస్తుంది. కరెంటు పోతే రౌటర్‌తో పాటు కాల్స్ కూడా పోతాయి కాబట్టి, రౌటర్ అడాప్టర్ వోల్టేజీకి సరిపోయే చిన్న యూపీఎస్ పక్కన పెట్టుకోండి.