నెల్లూరులో ఉండి పాత బ్లూస్, కేజన్ రికార్డింగులు సేకరించడం ఎలా

పాత బ్లూస్ (అమెరికా నల్లజాతివాళ్ల పాటలు), కేజన్ (లూసియానాలో ఫ్రెంచి మాట్లాడేవాళ్ల పాటలు) కొనాలనుకునేవాళ్లు మన వైపు తక్కువే. ఉన్నవాళ్లు కూడా ముందు అడిగేది "ఏ కంపెనీది కొనాలి?" అనే. దానికంటే ముందు అడగాల్సింది ఇంకోటి ఉంది. ఆ పాటని ఏ పాత గ్రామఫోన్ ప్లేటు నుంచి సీడీకి ఎక్కించారు, ఎక్కించింది ఎవరు? ఒకే పాట పది సీడీల్లో దొరుకుతుంది, అందులో ఒకదాంట్లో మనిషి గొంతు ఎదురుగా కూర్చుని పాడినట్టుంటుంది, ఇంకోదాంట్లో గరగర తప్ప ఏమీ వినపడదు. రీఇష్యూలు, అంటే పాత పాటల్ని మళ్లీ వేసినవి, సేకరించడమంటే అసలు సేకరించేది ఈ తేడానే.

ఎందుకింత తేడా అంటే, చాలా పాటలకి అసలు మాస్టర్లు (ప్లేట్లు అచ్చేసే లోహపు అచ్చులు) లేవు. 1920 ఆగస్టులో మామీ స్మిత్ 'ఓకే' అనే కంపెనీకి పాడిన 'క్రేజీ బ్లూస్' విపరీతంగా అమ్ముడుపోయింది, ఆ తర్వాత మిగతా కంపెనీలూ నల్లజాతి శ్రోతల కోసం విడిగా రికార్డులు వేయడం మొదలుపెట్టాయి. అందులో పారమౌంట్ అనేది విస్కాన్సిన్ రాష్ట్రంలో కుర్చీలు చేసే ఒక కంపెనీది. వాళ్లు గ్రామఫోన్ పెట్టెలు కూడా చేసేవాళ్లు, ఆ పెట్టెలు అమ్ముడుపోవడానికి రికార్డులు. ముడిసరుకు చవకరకం, ప్లేటు కొత్తగా ఉన్నప్పుడే గరగరలాడేది. ఆర్థిక మాంద్యంలో 1930ల మొదట్లోనే ఆ వ్యాపారం మూతపడింది, లోహపు మాస్టర్లు చాలావరకు పాత సామాను కింద పోయాయి. చార్లీ ప్యాటన్, స్కిప్ జేమ్స్, సన్ హౌస్ అనే బ్లూస్ గాయకులు 1929 నుంచి 1931 వరకు పాడింది పారమౌంట్‌కే, కాబట్టి ఈ రోజు మనం వినేది ఎవరి ఇంట్లోనో వందలసార్లు ఇనప ముల్లు తిరిగి అరిగిపోయిన ప్లేటు నుంచి. సన్ హౌస్ 1930లో పాడిన 'క్లార్క్స్‌డేల్ మోన్' ప్లేటైతే దశాబ్దాలపాటు ఎవరి కంటా పడలేదు, 2000 దాటాక గానీ బయటికి రాలేదు.

ఇంకో సంగతి. ఆ ప్లేట్లు చేసేది లక్కతో, ఆ లక్కలో ఎక్కువ భాగం వెళ్లేది మన దేశం నుంచే. రెండో ప్రపంచ యుద్ధంలో సరఫరా ఆగి, 1942లో అమెరికా ప్రభుత్వం లక్క వాడకానికి పరిమితి పెట్టింది. అప్పుడు ఇంటింటికీ తిరిగి పాత ప్లేట్లు పోగుచేసి కరిగించారు. మిగిలినవాటి విలువ తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

సరే, మొదలుపెట్టడం ఎలా? డబ్బు పెట్టే ముందు ఒక పని చేయండి. బ్లైండ్ లెమన్ జెఫర్సన్ పాడిన 'మ్యాచ్‌బాక్స్ బ్లూస్' వెతకండి, ఫోన్‌లోనే దొరుకుతుంది. ఆయన పారమౌంట్ మనిషే అయినా 1927 మార్చిలో అట్లాంటాలో ఓకే కంపెనీకి ఒకసారి పాడాడు, అదే పాట పారమౌంట్‌కీ పాడాడు. రెండూ ఒకదాని తర్వాత ఒకటి, మంచి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినండి. ఓకే రికార్డులో గిటార్ తీగల్ని బొటనవేలు ఒకలా, మిగతా వేళ్లు ఒకలా మీటడం విడివిడిగా తెలుస్తుంది, పాట మధ్యలో గొంతు ఆపి గిటార్‌తో బదులు చెప్పించడం తెలుస్తుంది. పారమౌంట్ దాంట్లో అదే మనిషి, అదే వేళ్లు, కానీ ముసుగేసుకుని ఉంటాడు. ఈ ఒక్క పూట వినికిడితో ఏ సీడీకి డబ్బు పెట్టచ్చో చెవికే తెలియడం మొదలవుతుంది.

తర్వాత అన్నీ కలిపి రుచి చూపించే సంపుటి ఒకటి. హ్యారీ స్మిత్ కూర్చిన 'ఆంథాలజీ ఆఫ్ అమెరికన్ ఫోక్ మ్యూజిక్' 1952లో ఫోక్‌వేస్ కంపెనీ వేసింది, 84 పాటలు, 1997లో సీడీలుగా మళ్లీ వచ్చింది. బ్లూస్ ఉంటుంది, కొండప్రాంతపు ఫిడేలు పాటలుంటాయి, కేజన్ పాటలూ ఉంటాయి, తెల్లవాళ్లది నల్లవాళ్లది అని విడదీయకుండా కలిపేశాడాయన, అదే దాని గొప్పదనం. పెట్టె ఖరీదెక్కువ, కొనకపోయినా ఫర్వాలేదు, స్ట్రీమింగ్‌లో వరసగా విని నచ్చిన పేర్లు కాగితం మీద రాసుకోండి.

రాసుకున్నాక 'బెస్ట్ ఆఫ్ బ్లూస్' రకం సీడీల జోలికి మాత్రం పోవద్దు. ఒక గాయకుణ్ణి పట్టుకుని పూర్తిగా తీసుకోండి. మొదటిసారికి నేను చెప్పేది మిసిసిప్పి జాన్ హర్ట్ 1928 రికార్డింగులు. మనకు మిగిలినవి 13 పాటలే, ఒక్క డిస్క్‌లో అయిపోతుంది, ఓకే కంపెనీవి కాబట్టి శబ్దం శుభ్రంగా ఉంటుంది, గొంతు నెమ్మది. ఆయన పాటలో ఉన్న అవలాన్ అనే ఊరి పేరు పట్టుకుని 1963లో వెతుక్కుంటూ వెళ్లిన వాళ్లకి ఆయన అక్కడే, పొలం పనిలో ఉంటూ దొరికాడు.

ఆ తర్వాత రాబర్ట్ జాన్సన్. 1936 నవంబరులో శాన్ ఆంటోనియోలో, 1937 జూన్‌లో డాలస్‌లో పాడినవి మొత్తం 29 పాటలు. 1990లో కొలంబియా వేసిన పెట్టెలో ఒకే పాట రెండోసారి పాడినవి కూడా కలిపి 41 ఉన్నాయి. పాతది ఎవరైనా అమ్ముతుంటే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. చార్లీ ప్యాటన్‌ని మూడోవాడిగా పెట్టుకోండి, మొదట పెట్టుకుంటే ఆ గరగరకి చాలామంది ఆపేస్తారు. కానీ ఆపేయకూడని మనిషి. 1927లో మిసిసిప్పి నదికి వచ్చిన వరద మీద 1929లో ఆయన రెండు భాగాలుగా పాడిన 'హై వాటర్ ఎవ్రీవేర్' వినండి, గిటార్ చెక్కని చేత్తో కొడుతూ ఊరి తర్వాత ఊరి పేరు చెప్పుకుంటూ పోతాడు, ఇక్కడా నీళ్లే, అక్కడా నీళ్లే అని. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు నెల్లూరులోనో కోవూరులోనో ఉన్నవాళ్లకి ఆ పాటకి అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక లేబుళ్లు, అంటే ఈ పాటల్ని మళ్లీ వేసే కంపెనీలు. నా అభిప్రాయం నేను చెప్తాను, మీ చెవి ఒప్పుకుంటేనే తీసుకోండి. యాజూ అనేది నిక్ పర్ల్స్ 1960ల చివర్లో పెట్టింది, ఆయన దగ్గరే గొప్ప ప్లేట్లుండేవి, ఏరి కూర్చినవి, శబ్దం బాగుంటుంది, కానీ తేదీల వరస ఉండదు. డాక్యుమెంట్ అనే లేబుల్ దానికి పూర్తిగా ఎదురు. వియన్నాలో జానీ పార్త్ మొదలుపెట్టాడు, తర్వాత స్కాట్లాండ్‌కి మారింది. దొరికినవన్నీ, పాడిన వరసలో, ప్లేటు ఎంత అరిగిపోయినా సరే పెట్టేస్తారు. వరసగా కూర్చుని వినడానికి కష్టంగా ఉంటుంది కానీ ఒక గాయకుడు ఏడాదికేడాదికి ఎలా మారాడో తెలియాలంటే అదే దిక్కు. జేఎస్‌పీ వాళ్ల పెట్టెలు నాలుగైదు సీడీలతో తక్కువ ధరకి వస్తాయి, డబ్బుకి న్యాయం జరిగేది వాటితోనే.

యూరప్ నుంచి వచ్చే కొత్త ఎల్పీల దగ్గర మాత్రం జాగ్రత్త. అక్కడ 1962 వరకు విడుదలైన రికార్డింగులకి హక్కుల గడువు తీరిపోయింది, అందుకని ఎవరైనా వేసుకోవచ్చు, చాలామంది పాత సీడీ నుంచే దించి బరువైన వినైల్ మీద వేసి అందమైన అట్ట పెడుతున్నారు. వెనక అట్ట తిప్పి చూడండి. ప్లేటు ఎవరి సేకరణ నుంచి తెచ్చారో, ఎవరు ఎక్కించారో, ఏ తేదీన ఎక్కడ పాడారో ఒక్క ముక్కా లేకపోతే పక్కన పెట్టేయండి.

గరగర పూర్తిగా తీసేసినవి కూడా వద్దు. గరగరతో పాటే తీగ మీటిన అంచు, పాటకి ముందు ఊపిరి తీసుకున్న చప్పుడు పోతాయి. కాస్త చిటపటలు ఉన్నదే మేలు, రెండు నిమిషాల్లో చెవి సర్దుకుంటుంది.

కేజన్ సంగతి విడిగా చెప్పాలి. లూసియానా నైరుతి మూల ఫ్రెంచి మాట్లాడే జనం వీళ్లు. 1755 నుంచి బ్రిటిష్‌వాళ్లు కెనడా వైపు అకాడియా నుంచి వెళ్లగొట్టిన కుటుంబాల సంతతి. అక్కడి క్రౌలీ అనే ఊరి చుట్టుపక్కలంతా వరి పొలాలు, అదే మళ్లల్లో రొయ్యకి చుట్టమైన క్రాఫిష్‌ని పెంచుతారు, ఇందుకూరుపేట నుంచి వెళ్లినవాడికి అక్కడ కొత్తగా అనిపించేది భాష ఒక్కటే. శనివారం రాత్రి డాన్సులకి వాయించే పాటలివి. చిన్న అకార్డియన్, ఫిడేలు, ఇనప త్రికోణం, వాటి మీద ఎలుగెత్తి పాడే గొంతు. మైకులు లేని హాల్లో డాన్సు చేసేవాళ్ల గోల దాటి వినపడాలి కదా, అందుకే ఆ స్థాయి.

మొదటి కేజన్ రికార్డు 1928 ఏప్రిల్‌లో న్యూ ఆర్లీన్స్‌లో జో ఫాల్కన్, క్లియోమా బ్రో కలిసి చేసిన 'అలోన్ ఆ లాఫాయెట్'. అక్కణ్ణించి మొదలుపెట్టి నేరుగా అమెడే ఆర్డ్వాన్ దగ్గరికి వెళ్లండి. క్రియోల్, అంటే అక్కడి ఫ్రెంచి మాట్లాడే నల్లజాతి అకార్డియన్ విద్వాంసుడు, ఆయన పక్కన ఫిడేలు వాయించింది డెన్నిస్ మెగీ అనే తెల్లవాడు, 1929లో ఆ ప్రాంతంలో అది చిన్న విషయం కాదు. 1929 నుంచి 1934 వరకు ఆయన రికార్డు చేసినవి 34 పాటలు, అన్నీ కలిపి టాంప్‌కిన్స్ స్క్వేర్ అనే లేబుల్ 2011లో రెండు డిస్కులుగా వేసింది. ఒక్క కేజన్ సెట్టే కొంటానంటే ఇదే కొనండి. ఫ్రెంచి రానక్కర్లేదు, ఆ గొంతు పైకి లేచి విరిగే చోట మాట అవసరం లేదు.

1930ల మధ్యకి వచ్చేసరికి అకార్డియన్ వెనక్కి పోయి హ్యాక్‌బెర్రీ రాంబ్లర్స్ లాంటి తీగవాద్యాల బృందాలు వచ్చాయి, 1948లో ఐరీ లెజూన్ దాన్ని మళ్లీ ముందుకు తెచ్చాడు. ఈ మార్పు వరసలో వినాలంటే ఆర్హూలీ, దాని తోడు లేబుల్ ఓల్డ్ టైమీ వేసిన సంపుటాలు వెతకండి. క్రిస్ స్ట్రాక్‌విట్జ్ 1960లో కాలిఫోర్నియాలో పెట్టిన కంపెనీ, 2016లో స్మిత్‌సోనియన్ ఫోక్‌వేస్ తీసుకుంది, అందుకే చాలావరకు ఇప్పటికీ దొరుకుతున్నాయి, లోపలి పుస్తకాలతో సహా.

కొనే ముందు ఒక నోటుబుక్కు పెట్టండి, ఇది మాత్రం మానకండి. గాయకుడు, పాట, పాడిన తేదీ, ఊరు, అసలు ప్లేటు నంబరు, మ్యాట్రిక్స్ నంబరు (ఆ రికార్డింగుకి కంపెనీ ఇచ్చుకున్న నంబరు), ఎన్నోసారి పాడింది. ఒకే పాట మూడు పేర్లతో, మూడు సంపుటాల్లో వస్తుంది, మ్యాట్రిక్స్ నంబరూ, ఎన్నోసారి పాడిందనేదీ రెండూ కలిస్తే అది మీ దగ్గర ఉన్నదే. శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నడిపే ఉచిత డిస్కోగ్రఫీలో (రికార్డుల జాబితాలో) విక్టర్, కొలంబియా, ఓకే వివరాలు దొరుకుతాయి. 1943 వరకు ఉన్న బ్లూస్, గాస్పెల్‌కి డిక్సన్, గాడ్రిచ్, రై కలిసి చేసిన పుస్తకమే ప్రమాణం.

కొనడం ఎక్కడ అంటే, మన దగ్గర షాపుల్లో దొరకవు. పినాకినిలో చెన్నై వెళ్లి సెంట్రల్ స్టేషన్ పక్కన మూర్ మార్కెట్లో తిరగచ్చు, పాత ఎల్పీలు గుట్టలుగా ఉంటాయి, అయితే తమిళ, హిందీ, తెలుగు సినిమా పాటలే ఎక్కువ, బ్లూస్ కోసమే అయితే టికెట్ దండగ. ఆన్‌లైన్‌లో డిస్కాగ్స్ అనే సైట్ మీద పాతవి అమ్మేవాళ్లే మనకి ఆధారం. అక్కడ వీజీ (వెరీ గుడ్) అని రాస్తే బాగుందని కాదు, చప్పుడు ఉంటుందని. వీజీ ప్లస్, నియర్ మింట్ (దాదాపు కొత్తది) చూసుకోండి, సీడీకైతే లోపలి పుస్తకం ఉందో లేదో అడగండి, సగం విలువ దాంట్లోనే ఉంది. పోస్టు ఖర్చు ఒక సీడీకైనా నాలుగు సీడీలకైనా పెద్ద తేడా ఉండదు, ఒకే అమ్మకందారు దగ్గర నాలుగైదు చేరేదాకా ఆగండి. కస్టమ్స్ సుంకం పడితే పార్సెల్ ఇచ్చేటప్పుడు పోస్ట్‌మ్యాన్‌కి కట్టాలి, ధరలో అది కూడా కలిపి లెక్కేసుకోండి. ట్రాకింగ్ లేకుండా మాత్రం తెప్పించద్దు, చాలా టెన్షన్.

ఇంటికొచ్చాక మన ఎండ, మన ఉప్పుగాలి. రోహిణి కార్తెలో రేకుల గదిలో పెట్టిన ఎల్పీ వంగిపోతుంది, కొరియర్ ఆఫీసు నుంచి తెచ్చేటప్పుడు మధ్యాహ్నం స్కూటీ డిక్కీలో వదిలేసినా అంతే. నిలువుగా పెట్టండి, ఒకదానిమీద ఒకటి పేర్చద్దు, బయటి గోడకి ఆనించద్దు, తుపాను రోజుల్లో ఆ గోడ చెమరుస్తుంది. అట్టలకి, సీడీ పుస్తకాలకి బూజు పడుతుంది, బీరువాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, వానలు తగ్గాక ఒకసారి తీసి నీడలో గాలికి పెట్టండి. కాగితం కవర్లు తీసేసి లోపల ప్లాస్టిక్ పొర ఉన్నవి వేయండి.

కడగడానికి బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్, మెత్తని గుడ్డ, గాడి వెంట గుండ్రంగా తుడవాలి. మధ్యలో లేబుల్ తడవకూడదు. వినైల్ మీద కొందరు స్పిరిట్ కలిపి వాడతారు. కానీ తాతగారి కాలం నాటి నాటక పద్యాల ప్లేట్లు ఇంట్లో ఉంటే వాటిమీద స్పిరిట్ పడనివ్వద్దు, అవి లక్కవి, కరిగిపోతాయి.

సీడీలైతే వచ్చిన రోజే కంప్యూటర్‌లోకి ఫ్లాక్ ఫైళ్లుగా (శబ్దం నాణ్యత తగ్గని రకం) ఎక్కించి రెండు చోట్ల దాచుకోండి. ఫైలు పేరులో పాటతో పాటు మ్యాట్రిక్స్ నంబరు, ఏ లేబుల్ నుంచి తీసుకున్నారో కూడా రాయండి, రేపు అదే పాట ఇంకో మంచి ప్లేటు నుంచి ఎవరైనా ఎక్కిస్తే పక్కపక్కన పెట్టి వినచ్చు.