రీస్టోర్ చేసిన ఎంజీబీ అమ్మకానికుందా? పైసలిచ్చే ముందు కింద పండుకొని చూడున్రి

ఎంజీబీ అసుంటి పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారంటే నాకు పానం. ఎవరన్న "ఫుల్ రీస్టోర్ చేసిన ఎంజీబీ ఉన్నది, తీస్కుంటవా" అని ఫొటోలు పంపితే ఆ ఎర్ర పెయింటు, వైరు చక్రాలు చూసి మనసు ఆగదు, నాకెర్కే. అయినా జర ఆగి ఈ పనులు చెయ్యున్రి.

ఫస్టు పెయింటును మర్చిపోవాలె. ఎంజీబీ 1962 నుంచి 1980 దాకా ఇంగ్లాండ్‌ల అబింగ్డన్ ఫ్యాక్టరీల తయారైంది, దానికి లారీ లెక్క వేరే ఛాసీ ఉండదు, బాడీనే ఛాసీ. రోడ్‌స్టర్‌కైతే పైన కప్పు గూడ లేదాయె, ఇగ బరువంత మోసేది డోర్ల కింద పొడుగూత ఉండే సిల్లులే, అవి జంగు తింటే కారు నడుం ఇరిగినట్టే. చిన్న మాగ్నెట్‌కు బట్ట చుట్టి సిల్లుల పొంట, వెనక చక్రం ముందటి మూల పొంట జరుపుకుంట పోవాలె, పట్టలేదంటే లోపల రేకు కాదు లప్పం. పోయినేడు నేను హన్మకొండ నుంచి హైదరాబాద్ పోయి ఒకటి చూసిన, అద్దం లెక్క మెరుస్తుంది, సిల్లు మీద మాగ్నెట్ పెడ్తే జారి కింద పడ్డది, ఆ రోజు అన్నం గూడ సక్కగ తినలేదు నేను.

ఇంకో మోసం ఏందంటే పాత సిల్లు తియ్యకుండ దాని మీదనే కొత్త రేకు తొడిగి వెల్డింగ్ కొడ్తరు. అందుకే టార్చ్ తీస్కొని కింద దూరాలె, కింది రేకుకు జంగు పట్టకుండ పూసే నల్ల అండర్‌కోట్ మొన్న మొన్ననే కొట్టినట్టుంటే డౌటు పడాలె. జాకీ ఏసి ఒక దిక్కు లేపి డోరు తెరిచి మూయున్రి, డోరు పట్టేసిందంటే సిల్లులల్ల బలం లేదు. పెయింటంత గీకి రేకు బయటపడ్డప్పటి ఫొటోలు అడుగున్రి, నిజంగ పని చేయించినోళ్ల దగ్గర అవి కచ్చితంగ ఉంటయ్, లేవంటే రేటు సగం మీద మాట్లాడాలె అంట నేను.

ఇంజన్ అంత భయం లేదు, 1798 సీసీ, పెట్రోల్‌ల గాలి కలిపే ఎస్‌యూ కంపెనీ కార్బురేటర్లు రెండు, ఓపికున్న పాత మేస్త్రీ ఎవరైనా సెట్ చేస్తడు. మీరు పోయేదాక స్టార్ట్ చెయ్యొద్దని ముందే చెప్పున్రి, పోంగనే బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగున్నదా చూడున్రి. మన ఎండల సంగతి తెల్సు కదా, మిట్ట మధ్యాహ్నం ట్రాఫిక్‌ల ఓ ఇరవై నిమిషాలు నడిపి టెంపరేచర్ ముల్లు ఎటు పోతుందో చూడాలె. పెట్రోల్ వాసనొస్తే పైపులు చూడున్రి, ఇప్పుడు పెట్రోల్‌ల ఇథనాల్ కలుస్తుంది, పాత రబ్బరు దానికి ఆగదు.

వైరు చక్రాలుంటే చక్రం లేపి, ఒకరు బ్రేక్ తొక్కి పట్టుకుంటే ఇంకొకరు చక్రం ముందుకెనకకు ఊపాలె, టక్కుమన్నదంటే చక్రాన్ని పట్టి ఉంచే లోపలి పండ్లు అరిగినయ్.

బ్యాటరీ ముచ్చట గూడ ఇను. బానెట్ కింద ఎతుకొద్దు, చాన మోడళ్లల్ల సీట్ల ఎనక ఫ్లోర్ కింద 6 వోల్టులవి రెండుంటయ్. 1967కు ముందటి కార్లల్ల ప్లస్ వైరు బాడీకుంటది, మన మెకానిక్ అలవాటు కొద్ది మైనస్ తగిలించిండంటే పాత రేడియో అసుంటియి ఖతమైతయ్.

ఇగ కాయితాలు. 50 ఏండ్లు దాటిన బండికి 2021 రూల్స్ ప్రకారం వీఏ సిరీస్ వింటేజ్ నంబరొస్తది, కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000, 10 ఏండ్ల దాక చెల్లుతది, కానీ ఆ నంబరుతోని రోజూ తిరగనియ్యరు, ఎగ్జిబిషన్లు ర్యాలీలు రిపేర్ల అసుంటి పనులకే. ఆదివారమాదివారం లక్నవరం పోవాలని ఆశున్నోళ్లు మామూలు ఆర్సీ ఇంకా నడుస్తున్న బండే చూస్కోవాలె. వేరే రాష్ట్రం బండైతే ఎన్‌ఓసీ (అక్కడి ఆర్టీవో ఇచ్చే అభ్యంతరం లేదనే కాయితం) చేతికొచ్చినంకనే మిగిలిన పైసలియ్యున్రి, ఛాసీ నంబరు మీద కాయితం పెట్టి పెన్సిల్‌తోని రుద్ది ఆర్సీతోని ఒక్కో అంకె పట్టి చూసుకోవాలె.