రాతిలోని అయస్కాంతత్వంతో ఖండాల పూర్వ స్థానాలను లెక్కగట్టడం ఎలా?

ఒక ఖండం కోట్ల ఏళ్ళ క్రితం ఏ అక్షాంశం మీద ఉండేదో చెప్పే సూత్రం చాలా చిన్నది. రాతిలో నిలిచిన అయస్కాంత దిశ క్షితిజ తలంతో చేసే కోణాన్ని, అంటే అవపాతాన్ని కొలిచి, దాని టాంజెంటులో సగం తీసుకుంటే అది నాటి అక్షాంశపు టాంజెంటు అవుతుంది. ఈ లెక్కకు ఒక్క నిమిషం చాలు. అసలు శ్రమంతా ఆ దిశ రాయి పుట్టిననాటిదే తప్ప తరువాత అంటుకున్నది కాదని నిరూపించడంలోనే ఉంది, కాబట్టి ఇక్కడ ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

లావా చల్లారుతూ 580 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువకు వచ్చినప్పుడు, అందులోని మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజపు రేణువులు ఆనాటి భూ అయస్కాంత క్షేత్రపు దిశను పట్టుకుంటాయి. మరో ఇనుప ఖనిజమైన హెమటైట్‌కు ఈ హద్దు సుమారు 675 డిగ్రీలు. అవక్షేపాలలోనైతే సన్నని అయస్కాంత రేణువులు నీటి అడుగున పేరుకునేటప్పుడే క్షేత్రానికి అనుగుణంగా తిరిగి, ఆ పైన గట్టిపడిన మట్టిలో అలాగే నిలిచిపోతాయి. కొన్ని వేల ఏళ్ళ సగటు తీసుకుంటే భూ క్షేత్రం, భూభ్రమణాక్షం వెంట కేంద్రంలో ఉంచిన ద్విధ్రువపు, అంటే దండయస్కాంతం వంటి రెండు ధ్రువాల అయస్కాంతపు, క్షేత్రానికి దాదాపు సమానమవుతుందన్నది ఈ పద్ధతికి పునాది. అందువల్లనే అవపాతం భూమధ్యరేఖ దగ్గర సున్నాగాను, ధ్రువం దగ్గర 90 డిగ్రీలుగాను ఉంటుంది.

ఆ సగటు కోసమే నమూనాలను విరివిగా సేకరించాలి. ఒక లావా ప్రవాహం కొద్దికాలంలోనే చల్లారిపోతుంది కనుక అందులో ఎన్ని నమూనాలు తీసినా దొరికేది ఒక్క క్షణపు క్షేత్రమే. ఒక్కో ప్రవాహం నుంచి 6 నుంచి 8 కోర్లు, అంటే గుండ్రటి రాతి కడ్డీలు, తీస్తూ, వేర్వేరు కాలాలలో పారిన అనేక ప్రవాహాలకు విస్తరించాలి. వజ్రపు అంచు గల గొట్టం అమర్చిన డ్రిల్లుతో, నీటితో చల్లబరుస్తూ, 25 మిల్లీమీటర్ల వ్యాసమున్న కోరును తొలుస్తారు. దాన్ని విరిచి బయటికి తీయడానికి ముందే, రాతిలో ఉండగానే, దిశామాపక గొట్టాన్ని దానిపైకి దించి, వాలును, దిక్కును కొలిచి, కోరు పొడవునా ఒక గీత గీయాలి. ఆ గీత చెరిగిపోతే ఆ కోరు ఇక దేనికీ పనికిరాదు. బసాల్ట్ తానే బలమైన అయస్కాంతం కాబట్టి అక్కడ మామూలు దిక్సూచిని నమ్మకుండా, స్థలపు అక్షాంశ రేఖాంశాలను, కచ్చితమైన సమయాన్ని, నీడ కోణాన్ని రాసుకుని సూర్య దిక్సూచితో సరిచూసుకోవాలి. కొండకొమ్ములపై పిడుగులు పడిన రాళ్ళలో అసలు దిశ చెరిగిపోయి ఉండవచ్చు, కాబట్టి వాగు గట్లు, రోడ్డు కోసం తవ్విన కోతలు మేలు. పొరల వాలును కూడా అక్కడే కొలవాలి.

ప్రయోగశాలలో మొదట కొలిచే అయస్కాంతత్వం ఒక మిశ్రమం. పాత దిశ మీద నేటి క్షేత్రపు ముద్ర పడి ఉంటుంది. వేడిచేస్తే బలహీనమైన ఆ ముద్ర ముందుగా చెరిగిపోతుంది. నమూనాను అయస్కాంత క్షేత్రం చొరబడని కొలిమిలో 100, 200, 300 డిగ్రీలకు వేడిచేస్తూ, ప్రతిసారీ చల్లార్చి కొలవాలి. 500 దాటాక మెట్లను మరీ దగ్గరగా ఉంచాలి. మాగ్నటైట్ నమూనాలకు క్రమంగా పెంచే ఏకాంతర క్షేత్రం (దిశ మాటిమాటికీ తిరగబడే అయస్కాంత క్షేత్రం) కూడా పనిచేస్తుంది కానీ, హెమటైట్‌ను అది కదిలించలేదు. ఫలితాలను అయస్కాంతత్వపు దిశను, బలాన్ని కలిపి చూపే, 1967లో జైడర్‌వెల్ట్ వివరించిన పటంపై గుర్తిస్తే, తొలి మెట్లలో బిందువులు ఒక దిశలో సాగి, తరువాత మలుపు తిరిగి, సరళరేఖలో మూలబిందువు వైపు నడుస్తాయి. చివరిగా మిగిలే ఆ సరళరేఖే మనకు కావలసిన దిశ. మూలబిందువును చేరకుండా పక్కకు పోయే రేఖను ఎంత ముచ్చటగా కనిపించినా పక్కన పెట్టాలి.

దిశ స్థిరంగా ఉన్నంత మాత్రాన అది ఆదిమమైనదని తేలదు. దీనికి 1949లో గ్రాహమ్ ప్రతిపాదించిన రెండు పరీక్షలు ఇప్పటికీ ప్రాణం. ముడత పడిన పొరలకు రెండు వైపులా నమూనాలు తీసి, పొరలను లెక్కలో చదును చేసినప్పుడు దిశలు దగ్గరపడితే, అయస్కాంతత్వం ముడతకు ముందుదే. అదే శిల నుంచి విడిపోయి గులకరాళ్ళ పొరలో చేరిన రాళ్ళలో దిశలు చెల్లాచెదురుగా ఉండాలి; అన్నీ ఒకే వైపు చూస్తుంటే ఆ ప్రాంతమంతా తరువాత పునరయస్కాంతీకరణకు లోనైందని అర్థం. పాత శిలలోకి చొచ్చుకొచ్చి గోడలా గట్టిపడిన లావా, అంటే డైక్, అంచున కాలిన పాత శిల భాగం డైక్ దిశను, దూరాన కాలని భాగం వేరే దిశను చూపడం మరో గట్టి సాక్ష్యం. ఈ పరీక్షలలో కనీసం ఒక్కదానిలోనైనా నెగ్గని దిశను పటం గీయడానికి వాడకూడదన్నది నా అభిప్రాయం.

ఇప్పుడు లెక్కకు వద్దాం. ప్రవాహాల సగటు దిశలను ఫిషర్ 1953లో ఇచ్చిన గణాంక పద్ధతితో కలిపి, 95 శాతం విశ్వాస వృత్తాన్ని, అంటే నిజమైన సగటు దిశ ఉండే అవకాశం 95 శాతమున్న వృత్తాన్ని, రాబట్టాలి. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ నాటి దక్కన్ బసాల్టులను ఉదాహరణగా తీసుకుంటే, వాటి సగటు అవపాతం దాదాపు 48 డిగ్రీలు. 48 డిగ్రీల టాంజెంటు 1.11, అందులో సగం 0.555, దానికి సరిపడే అక్షాంశం 29 డిగ్రీలు. ఈ ప్రవాహాలలో చాలావాటిలో దిశ ఆగ్నేయానికి, కిందికి వంగి ఉంటుంది. అది భూ క్షేత్రపు ఉత్తర, దక్షిణాలు తారుమారైన కాలం కనుక దిశను పూర్తిగా తిప్పి చదివితే, వాయవ్యానికి, పైకి చూస్తుంది. మామూలు క్షేత్రం పైకి చూసేది దక్షిణార్ధగోళంలోనే, అంటే స్థానం అక్కడ ఉంది. నేడు ఉత్తరాన 18 డిగ్రీల మీదున్న స్థలం నాడు దక్షిణాన 29 డిగ్రీల మీద ఉన్నదంటే 47 డిగ్రీలు, సుమారు 5,200 కిలోమీటర్లు ఉత్తరానికి జరిగిందన్నమాట. విశ్వాస వృత్తపు వ్యాసార్ధం 5 డిగ్రీలైతే అక్షాంశంలో సుమారు 4 డిగ్రీల, అంటే 400 కిలోమీటర్లకు మించిన సందిగ్ధత ఉంటుంది. దాన్ని ఫలితం పక్కనే చెప్పాలి.

అవక్షేప శిలలతో మరొక జాగ్రత్త అవసరం. పైపొరల బరువుకు మట్టి అణగారినప్పుడు రేణువులు చదునుగా వాలి అవపాతం తగ్గుతుంది, దానితో ఖండం నిజస్థానం కంటే భూమధ్యరేఖకు దగ్గరగా కనిపిస్తుంది. ఎర్ర ఇసుకరాళ్ళలో ఇది మరీ ఎక్కువ, కాబట్టి అదే కాలపు లావాల ఫలితాలతో పోల్చి సవరించాలి.

అవపాతం అక్షాంశాన్ని, దిక్పాతం (రాతిలోని దిశ నిజ ఉత్తరంతో చేసే కోణం) ఖండం తిరిగిన కోణాన్ని ఇస్తాయి గానీ, రేఖాంశం గురించి రెండూ ఏమీ చెప్పవు, ఎందుకంటే అక్షం చుట్టూ క్షేత్రం అన్ని వైపులా ఒకేలా ఉంటుంది. అందువల్ల ఒకే ఖండపు వేర్వేరు కాలాల ధ్రువాలను, అంటే ఈ రెండు కోణాల నుంచి లెక్కగట్టిన నాటి ధ్రువ స్థానాలను, వరుసగా కలిపి, ధ్రువ సంచార రేఖను గీయాలి. 1950ల దశకంలో రంకార్న్, అర్వింగ్ వంటి భూభౌతిక శాస్త్రవేత్తలు యూరప్, ఉత్తర అమెరికాల రేఖలను పోల్చినప్పుడు అవి ఒకే ఆకారంలో, పక్కకు జరిగినట్లు కనిపించాయి. అట్లాంటిక్‌ను మూసి రెండు ఖండాలనూ దగ్గరికి చేరిస్తే, పాత కాలపు భాగాలు ఒకదానిపై ఒకటి కూర్చున్నాయి. మీ దగ్గరున్న రెండు ఖండాలకూ ఇదే చేయండి. ఒక ఖండాన్ని, దాని రేఖను కలిపి, భూగోళంపై ఒకే భ్రమణ ధ్రువం (తిప్పడానికి ఎంచుకున్న ఇరుసు బిందువు) చుట్టూ తిప్పి, రెండు రేఖలూ ఏ కాలవ్యవధిలో ఏకమవుతున్నాయో చూడాలి. ఆ వ్యవధిలో అవి ఒకే భూభాగంగా ప్రయాణించాయని, వాటి మధ్య రేఖాంశ భేదం అదేనని తీసుకోవచ్చు. సుమారు 18 కోట్ల ఏళ్ళ లోపు కాలానికి సముద్రగర్భపు శిలలలో క్షేత్రం తిరగబడిన ప్రతిసారీ మారే అయస్కాంత చారలు ఈ భేదాన్ని ఇంకా సూక్ష్మంగా ఇస్తాయి. అంతకు ముందటి కాలానికి రేఖలు విశ్వాస వృత్తాల పరిధిలో కలవకపోతే, ఖండాలను ఇంకా జరిపి చూడడం కన్నా ముందు ఆయా శిలల వయసులను, అయస్కాంత పరీక్షలను తిరిగి తనిఖీ చేయాలి.